గాలిలో లేని అయోడిన్

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇప్పటికీ నన్ను ఓ పూట పిలుస్తుంటారు. రిటైరైన వాళ్ళని అలా పిలవడం ఒక మర్యాద, మేం చెప్పింది నిద్రపోకుండా వినడం ఇంకో మర్యాద. భోజనాలకి లేచే ముందు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మేడం, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా భయపెట్టిన రీడింగు ఏదని. టైము చాలదని నవ్వి తప్పించుకుంటాను. నిజానికి టైముతో పనిలేదు. ఆ రీడింగు గురించి చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆమెని ఎవరూ పోల్చుకోలేకుండా పేటలూ వీధులూ కాస్త అటూ ఇటూ మార్చి రాయొచ్చనిపించి, ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

మాది గాలిలో రేడియేషన్ కొలిచే స్టేషను. విశాఖలో, జాలరిపేట దాటి తీరం వెంట ఇంకొంచెం వెళ్ళాక, రోడ్డుకీ సముద్రానికీ మధ్య మెరక మీద చిన్న బిల్డింగు. డాబా మీద ఒక పంపు రోజంతా గాలి పీల్చి, ఒక వడపోత కాగితం గుండా, దాని వెనకున్న బొగ్గు డబ్బా గుండా పంపేది. గాలిలో ఉన్న దుమ్ము కాగితం మీద చిక్కుతుంది, వాయువులు బొగ్గులో చిక్కుతాయి. రోజూ వాటిని తీసి, లోపల సీసం పెట్టెలో పెట్టి లెక్కించేవాళ్ళం. అది కాక సముద్రం వైపు ప్రహరీగోడ దగ్గర ఒక స్తంభం, దాని మీద ఒక డిటెక్టరు. రేడియేషన్ ఎటునుంచి వచ్చినా అది చూసి, లోపల తెర మీద గీత గీస్తుంది. ఎక్కడో ఏ రియాక్టరులోనో తప్పు జరిగి ఆ గాలి ఇటు వీస్తే, జనం ఎంత పీల్చారో ఎవరో ఒకరు చెప్పాలి కదా. అందుకు మేం.

అలాంటిది ఎప్పుడూ రాలేదు. జీతం తీసుకుంటూనే, అది రాకూడదని రోజూ కోరుకునేదాన్ని. వాన మొదలైనప్పుడు మాత్రం గీత కాస్త లేచేది. నేలలోంచి మామూలుగా పైకొచ్చే ఒక వాయువు తాలూకు రేణువుల్ని వాన మళ్ళీ కిందికి దింపుతుంది, కాసేపటికి అంతా సర్దుకుంటుంది. మా స్టేషన్లో సందడంటే అదే. కాగితం మాత్రం రోజూ నల్లగా వచ్చేది, పోర్టు బొగ్గు దుమ్ముతో. పేటలో వాళ్ళు నన్నెప్పుడు చూసినా ఆ దుమ్ము గురించే అడిగేవారు. ఏం చెప్పను, నేను పంపే రిపోర్టులో నలుపుకి గడి లేదు.

మా వాళ్ళది విజయనగరం దగ్గర వ్యవసాయం. ఊరెళితే మా పెద్దమ్మ, ఏటి పని సేత్తన్నావే నువ్వు అని అడిగేది. గాలి కొలుస్తున్నానంటే, కొలిసి ఏటి సేత్తావనేది. అమ్మా నాన్నా పోయాక అలా అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు. పెళ్ళి కుదరాల్సిన రోజుల్లో కుదరలేదు, తర్వాత కుదుర్చుకోవాలని నాకనిపించలేదు. గాజువాకలో చిన్న ఫ్లాటు, రెండు బస్సులు, స్టేషను. బస్సులో టిక్కెట్టు అడగడం తప్ప నోరు విప్పే పని పడని రోజులు ఎన్నో ఉండేవి. స్టేషన్లో నాతో పనిచేసేది ఒక్క సహోద్యోగి. నాకన్నా బాగా చిన్నవాడు, భార్యాపిల్లలతో ఆ దగ్గర్లోనే అద్దెకుండేవాడు. మా డ్యూటీలు వేరు కాబట్టి తాళాలు చేతులు మారేటప్పుడే కలుసుకునేవాళ్ళం. మా పై ఆఫీసరు వేరే నగరంలో ఉండేవాడు. ఆయన నాకు చాలాకాలం ఫోన్లో ఒక గొంతు మాత్రమే.

ఇంకొకావిడ ఉండేది. చేపలమ్ముకునే మనిషి, నా వయసే ఉంటుంది. పక్క పేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని మెరక ఎక్కి వచ్చి, మా గేటు పక్క నీడలో గంప దింపి కాసేపు ఆయాసం తీర్చుకునేది. మొదట్లో ఆ గంప దించడానికి నేను చెయ్యి వేశాను. అలా మాటలు కలిశాయి. ఒంటరి మనిషికి పావుకేజీ ఎవరూ తూచరు, ఆమె తూచేది. ఆఫీసులో నేర్చుకున్న నా పుస్తకాల తెలుగు ఆమె ముందు నిలబడేది కాదు, నా నోట కూడా నేను పోయి నాను వచ్చేసేది. మనవరాలు చేసే అల్లరి చెప్పేది, సముద్రం మీదున్న మొగుణ్ణి తిట్టేది, లోపల ఆ మిషను ఏటి వాగుతాదమ్మా అని నవ్వేది. ఆమె వెళ్ళాక నేను గేటు వేసి లోపలికి వచ్చేదాన్ని. రోజులో నేను మనిషిలా మాట్లాడింది అంతే.

ఓ వేసవిలో ఆమె రావడం మానేసింది. వాళ్ళ పేటలోని ఇంకొకామెని అడిగితే, గొంతుకి ఏదో ఆపరేషనంట, బాగానే ఉందంట అంది. ఇల్లు ఎక్కడో కనుక్కుని వెళ్దామనుకున్నాను. ఏ వరసన వెళ్ళాలో తెలియక ఊరుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకి గీత లేచింది. వాన లేదు. తెల్లవారాక కాసేపు లేచి, ఎండెక్కేసరికి దిగిపోయింది. మర్నాడూ అంతే. నేను కేబుల్లో చెమ్మ చేరిందనుకున్నాను, సముద్రపు గాలికి అక్కడ ఇనుమే ఆగదు. మూడోసారి లేచినప్పుడు నేను తాళాలు తీసుకోవడానికి అప్పుడే వచ్చాను. సహోద్యోగి తెర ముందు నిలబడి ఉన్నాడు. వస్తున్నది ఏ పదార్థం నుంచో తేల్చే పరీక్ష పెట్టాడట. తెర మీద పేరు వచ్చి ఉంది. అయోడిన్.

మా పనిలో ఆ మాటకి చాలా బరువుంది. రియాక్టరు పాడైతే గాలిలో ముందుగా వచ్చేవాటిలో అదొకటి. పీల్చినవాళ్ళ గొంతులో చేరి కూర్చుంటుంది, పసిపిల్లలకి మరీ ప్రమాదం. మా స్టేషను పెట్టిందే ముఖ్యంగా దానికోసం. అతను బయటికి వెళ్ళి భార్యకి ఫోన్ చేశాడు. కిటికీలు మూసెయ్, పిల్లల్ని తీసుకుని మీ అమ్మగారింటికి వెళ్ళిపో, ఎవరికీ చెప్పకు అన్నాడు. లోపలికి వచ్చి నా వైపు చూడలేక తల దించుకున్నాడు. ఆ పేరు తెర మీద చూసిన క్షణంలో, ఫలానా వాళ్ళకి ఫోన్ చెయ్యాలి అని నాకు ఎవరూ గుర్తుకు రాలేదు. నేను తిన్నగా డాబా ఎక్కి పంపు ఆపి, కాగితాన్నీ బొగ్గు డబ్బానీ తీసుకొచ్చి సీసం పెట్టెలో పెట్టాను.

లెక్క పూర్తయ్యేదాకా ఇద్దరం కుర్చీల్లో కూర్చున్నాం. బొగ్గులో ఏమీ లేదు. కాగితంలో ఏమీ లేదు. మళ్ళీ పెట్టాం. మళ్ళీ ఏమీ లేదు. గాలిలో ఉంటే బొగ్గులో చిక్కి తీరాలి. చిక్కలేదంటే అది గాలిలో లేదు. స్తంభానికి దగ్గర్లో ఎక్కడో ఉంది, వచ్చి వెళ్తోంది.

ఈ సంగతి తేలేసరికి బయట ఆలస్యమైపోయింది. అతని భార్య ఎవరికీ చెప్పకుండానే పిల్లల్ని తీసుకుని ఆటో ఎక్కిందట. గాలి కొలిచే ఆఫీసులో పనిచేసేవాడి పెళ్ళాం మొహానికి గుడ్డ కట్టుకుని పిల్లలతో ఊరు దాటుతుంటే, చెప్పడానికి ఇంకేం మిగిలింది? మధ్యాహ్నానికల్లా పేటలో తలుపులు మూసేశారు. ఎవరో ఫోన్లో మా గేటు ఫోటో తీసి, సముద్రంలో విషం కలిసిందని రాసి పంపించారు. సాయంత్రం ఒడ్డుకొచ్చిన పడవల దగ్గరికి బేరగాళ్ళు ఒక్కరూ రాలేదు. మర్నాడు సిటీకి అమ్మకానికెళ్ళిన పేట ఆడవాళ్ళు గంపలు దింపకుండానే తిరిగొచ్చారు.

ఆ మర్నాడే నేను మొదటి బస్సుకి వచ్చి, గేటు తియ్యకుండా ప్రహరీ చుట్టూ నడిచి సముద్రం వైపు వెళ్ళాను. చేతిలో చిన్న మీటరు ఉంది. మూల తిరగగానే అది కీచుమనడం మొదలెట్టింది. స్తంభం కింద, గోడకి చేరబడి ఒక మనిషి కూర్చుని ఉంది. ఆమే. గొంతు కనబడకుండా కొంగు చుట్టుకుంది. నన్ను చూసి లేచి, దగ్గరికి రావొద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"రాకమ్మా. నాకు మందు పోశారు. కొన్నాళ్ళు ఎవుల దగ్గరా కూకోవద్దన్నారు."

నేను ఆగిపోయాను. మీటరు శబ్దం తగ్గించి, అక్కడే ఇసకలో కూర్చున్నాను. ఆమె కూడా కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక పడవ పట్టేంత చోటు ఉంది. అప్పుడు చెప్పింది. గొంతులో గడ్డ కేన్సరని తేలిందట. కోసి తీసేశాక, మిగిలింది మాడిపోవడానికి అయోడిన్ మందు తాగించారట. ఆస్పత్రిలో కొన్నాళ్ళు విడిగా ఉంచి, ఇంటికెళ్ళాక కూడా కొన్నాళ్ళు విడిగా పడుకోమని, పిల్లల్ని ఎత్తుకోవద్దని జాగ్రత్తలు చెప్పి పంపారట. వాళ్ళది ఒకటే గది. మనవరాలు తెల్లారి లేస్తూనే ఆమె ఒళ్ళోకి వచ్చేస్తుంది. ఆ గుంట లేచే వేళకి ఇంట్లో ఉండకూడదని ఇక్కడికి వస్తోంది. కేన్సరన్న మాట మొగుడు పేటలో ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆ మాట తెలిస్తే ఆమె చేతి చేపలు ఎవరు కొంటారని.

"మరి ఇక్కడికే ఎందుకొచ్చినావు?" అన్నాను.

"మరెక్కడికెల్తాను? ఇక్కడైతే ఎవులూ రారు. లోపల నువ్వుంతావు గదా అనుకుంతాను, అదొక దైర్నం."

పొద్దున్నే ఆ వేళకి నేను లోపల ఉండేదాన్ని కాదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. ఆమె గోడకి అవతల ఉన్నది నేను కాదు, గీత గీసే మిషను.

పేటలో జరుగుతున్నదంతా తన వల్లేనని ఆమెకి తెలియదు. చెప్పాల్సి వచ్చింది. కొంగు గొంతుకి ఇంకో చుట్టు చుట్టుకుంది. గాలికి దీనివల్ల ఏమైనా అవుతుందా అని మాత్రం అడిగింది. నీ ఒంట్లో ఉన్న మందు గోడ ఇవతల్నుంచి మిషనుకి కనబడింది, అంతే, గాలిలోకి వెళ్ళింది లెక్కకి కూడా అందలేదు అన్నాను. తల ఊపింది. ఆమె పేరు ఎవరికీ చెప్పనని మాటిచ్చి లేచాను.

ఆఫీసరుకి ఫోన్ చేసి, ఎవరో చికిత్స చేయించుకున్న రోగి వల్ల వచ్చిందని, పేరు చెప్పకుండా చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఇంకేం, యంత్రంలో లోపమని చెప్పేయండి, అందరికీ మంచిది అన్నాడు. చెడ్డ సలహా కాదు. ఆమెకీ అదే మంచిది. నేను కూడా అలాగే చెప్దామనుకునే పేటకి బయల్దేరాను.

వలలు కుట్టుకునే పాక దగ్గర జనం చేరి ఉన్నారు. పెట్టెల్లో ఐసు కరిగి నీరై కారుతోంది, చేపల కళ్ళు తెల్లబడిపోయాయి. పేట పెద్ద నాకు స్టూలు వేయించాడు. నెమ్మదైన మనిషి. ఆయన నన్ను నోరు తెరవనివ్వకుండా తన మాట ముందు చెప్పాడు.

"మిషను పాడైందని మాత్రం సెప్పకమ్మా. నిన్న పాడైన మిషను రేపు బాగున్నాదని నువ్వన్నా, మాం నమ్మం. ఊళ్ళోవోలు అసలు నమ్మరు. ఉన్నదేటో సెప్పు."

అంతటితో నేను తెచ్చుకున్న మాట పనికిరాకుండా పోయింది. ఉన్నది చెప్పాను, చెప్పగలిగినంత. గాలి శుభ్రంగా ఉంది, సముద్రం శుభ్రంగా ఉంది, చేపలు శుభ్రంగా ఉన్నాయి. మీటరు తీసి పెట్టెల మీద, ఇసక మీద, పసిపిల్ల జుట్టు మీద పెట్టి చూపించాను. మరి మిషను ఎందుకు పలికిందమ్మా అని పెద్ద అడిగాడు. ఎందుకో నాకు తెలుసు, దానివల్ల మీకెవరికీ హాని లేదు, కానీ అది నేను చెప్పకూడదు అన్నాను.

ఎవరో రోగి వల్ల అని అయినా అనొచ్చు కదా అని మీరనుకోవచ్చు. రెండు వీధుల పేట అది. ఆస్పత్రి నుంచి కొత్తగా వచ్చిందెవరో అందరికీ తెలుసు.

జనంలో గొణుగుడు మొదలైంది. చెప్పకూడనిది ఉందంటే పెద్దదే ఉందన్నమాట అని ఒకతను అన్నాడు. పెద్దోళ్ళు దాచమంటే దాస్తంది అని ఇంకొకామె అంది. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అంతమంది మధ్య అంత ఒంటరిగా నేను మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు. అప్పుడు వెనక, పడవ చాటునుంచి ఆమె గొంతు వినబడింది. అంతసేపూ దూరంగా నిలబడి అన్నీ విన్నట్టుంది.

"ఆ అమ్మ నాకోసరం నోరిప్పట్లేదు. నాకు కేన్సరొస్తే మందు తాగించారు. మిషనుకి కనబడింది నానే. గాల్లో ఏటీ లేదు. బేగి ఎల్లి సేపలమ్ముకోండి."

కొంగు తీసి, గొంతు మీది కుట్ల మచ్చ చూపించింది.

ఎవరూ అరవలేదు. ఆమె దగ్గర్లో ఉన్నవాళ్ళు మెల్లగా జరిగారు. వాళ్ళని చూసి పక్కవాళ్ళు జరిగారు. చూస్తుండగానే ఆమె చుట్టూ ఇసక ఖాళీ అయింది. ఆమె మొగుడు వల పట్టుకుని తల వంచుకుని నిలబడిపోయాడు. నేను లేచి ఆ ఖాళీలోకి నడిచి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. మీటరు కీచుమంటుంటే నొక్కి ఆపేశాను. కాసేపు పక్కన నిలబడితే ఏమీ కాదని, కొన్నాళ్ళలో ఆ మందు దానంతటదే తగ్గిపోతుందని చెప్పాను. విన్నారు. నా ఉద్దేశం, నన్ను చూసైనా ఇంకొకరు ముందుకొస్తారని. ఒక ముసలామె మాత్రం పక్కామెతో అంటుంటే వినిపించింది, ఆయమ్మకేటి, ఆయమ్మ మిషన్లతోటే ఉంతాది అని.

చేపల బేరం రెండ్రోజుల్లో మామూలైపోయింది. పెద్ద స్వయంగా సిటీకి వెళ్ళి మార్కెట్లో చెప్పాడు. రేడియేషన్ సంగతి అందరూ మర్చిపోయారు. ఆమెని మాత్రం మర్చిపోలేదు. డాక్టర్లు చెప్పిన గడువు దాటాక నేనే వెళ్ళి, పెద్ద ఎదుట ఆమెని కొలిచి, ఇంక పిల్లల్ని ఎత్తుకోవచ్చని చెప్పాను. ఆయన నమ్మాడు. ఆ సాయంత్రం మనవరాలు ఆమె చంక దిగలేదు. కానీ ఆమె మళ్ళీ గంపెత్తితే, ఏళ్ళ తరబడి కొన్న ఇళ్ళవాళ్ళు ఈ పూటకి వద్దులే అనడం మొదలెట్టారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే వెనకామె తన బిందె కాస్త అవతల పెట్టేది. ఎవరూ తిట్టలేదు, తగువాడలేదు. దానికి నేను ఏ మీటరు పట్టుకెళ్ళను?

ఆమె మళ్ళీ మా గేటు దగ్గర ఆగేది. నేను పావుకేజీ బదులు కేజీ కొని, సగం సహోద్యోగికి ఇచ్చేదాన్ని. అతను మారు మాట్లాడకుండా తీసుకునేవాడు. ఆ ఏడాదే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు, నేను ఆ ఒక్క ఫోన్ చెయ్యకుండా ఉండాల్సింది మేడం అన్నాడు. ఫోన్ చెయ్యడానికి నాకెవరైనా ఉంటే నేనూ చేసేదాన్ని అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

కొన్నాళ్ళకి ఆమె రాలేదు. వాళ్ళాయన గేటు దగ్గర ఆగి చెప్పాడు. ఆమె కన్నవారిది అచ్యుతాపురం అవతల, ఆమె అటే వెళ్ళిపోయిందట. అక్కడ ఫ్యాక్టరీలు పడ్డాక చేపలకి బేరం బాగుందట. తనూ పడవ అటే పెట్టుకుంటున్నాడట. పోనీలే, మంచిదే కదా అన్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఆ గదిలో, ఆ గీత ముందు కూర్చున్నాను. వానలకి తప్ప గీత లేవలేదు.

రిటైరైన కొత్తలో, ఏ పనీ లేని ఒకరోజు అచ్యుతాపురం బస్సెక్కాను. దేనికని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. షిఫ్టు మారే వేళ. రోడ్డు పొడుగునా యూనిఫారాల్లో ఆడపిల్లలు, మొగపిల్లలు. ఫ్యాక్టరీలకి వెళ్ళే దారి మలుపులో చేపలమ్మే ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆమె మధ్యలో ఉంది. కాస్త ఒళ్ళు చేసింది. మెడలో పూసల దండ గొంతుకి దగ్గరగా వేసుకుంది.

నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆమె మొహం ఒక్కసారి వెలిగి, అంతలోనే ఆగిపోయింది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళ వైపు చూసి, నా కళ్ళలోకి చూసింది. అర్థమైంది.

"ఏటి కావాలమ్మా?" అంది.

"కానాగడతలు ఎలా ఇస్తున్నావు?" అన్నాను. నేనెప్పుడూ ఆమెతో మాట్లాడని, ఆఫీసు తెలుగులో.

ధర చెప్పింది. ఎక్కువన్నాను. రేపొచ్చినా అదే ధర అంది. పక్కామె మెడ చాచి, తెలిసినోరేటప్పా అని అడిగింది. కాదు, బేరానికొచ్చారు అంది ఆమె. తూచి, శుభ్రం చేసి, సంచిలో వేసి ఇచ్చింది. డబ్బులిచ్చి వచ్చేశాను.

బస్సుకోసం రోడ్డుకి ఇటువైపు నిలబడ్డాను. బేరం సద్దుమణిగింది. పక్కామె టిఫిన్ డబ్బా మూత తీసింది. ఆమె అందులో చెయ్యి పెట్టి ఓ ముద్ద తీసుకుంది, ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఇంకొకామె వెనకనుంచి ఆమె భుజం మీద వాలి తనూ నవ్వింది. ఎవరూ జరగడం లేదు. నేను బస్సు వచ్చేదాకా చూశాను. ఆమె మళ్ళీ ఇటు చూడలేదు. చూడకపోవడమే మంచిది.

తర్వాత మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఊళ్ళో ఆమెకి పాత కథ లేదు. నేను వెళ్ళినప్పుడల్లా అది నాతో పాటు బస్సు దిగుతుంది.

ఆరోజు ఇంటికి వచ్చి సంచి విప్పితే, నేను డబ్బులిచ్చినదానికి రెట్టింపు చేపలున్నాయి. నా ముందే తూచింది, నా ముందే వేసింది, ఎప్పుడు కలిపిందో నేను చూడలేదు. పులుసు పెట్టుకున్నాను. ఒక్కదాన్నే కదా, మర్నాడు సాయంత్రం దాకా తిన్నాను.